నోటితో ఇల్లు కట్టే చేప

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అని మన పెద్దలు అంటారు. ఆ రెండు పనులలోని కష్టం చేసినవారికే తెలుస్తుంది. కాని చేతులు లేకుండా, పార లేకుండా, గంప లేకుండా, ఒక్క నోటితోనే ఇల్లు కట్టుకుని, ఆ ఇంట్లోనే పెళ్ళాడి, తన గుడ్లను కూడా ఆ నోట్లోనే పెట్టుకుని కాపాడే ప్రాణి ఒకటి ఉన్నది. అది ఏ గజమంత జంతువో కాదు. నాలుగు అంగుళాల చేప!

దాన్ని ఇంగ్లీషులో జాఫిష్ అంటారు. "జా" అంటే దవడ. కనక మనం దాన్ని దవడచేప అని పిలుద్దాం. దవడచేపలలో ఎనభైకి పైగా జాతులున్నాయి. మన హిందూ మహాసముద్రంలోనూ వాటి చుట్టాలున్నారు. అయితే ఇళ్ళలో గాజుతొట్లు పెట్టి సముద్రపు చేపలను పెంచేవారు ఎక్కువగా ఇష్టపడేది పసుపుతల దవడచేపను. దాని స్వగ్రామం చూడాలంటే మీరు చాలా దూరం ప్రయాణం చెయ్యాలి. రండి, పోదాం.

అమెరికా దేశపు పటం తీసి చూడండి. ఆగ్నేయపు మూలన, బొటనవేలు కిందికి చాపినట్టు, సముద్రంలోకి చొచ్చుకుపోయిన రాష్ట్రం ఒకటి కనిపిస్తుంది. అదే ఫ్లారిడా. ఆ వేలి కొసనుంచి చిన్న చిన్న దీవులు, దండ తెగి పూసలు జారినట్టుగా, పడమటికి వంపు తిరిగి ఉంటాయి. వీటిని కీస్ అంటారు. ఈ దీవులను కలుపుతూ 113 మైళ్ళ పొడవున సముద్రం మీదుగా ఒక రోడ్డు ఉన్నది. దానికి 42 వంతెనలు! ఒక్క వంతెన అయితే దాదాపు ఏడు మైళ్ళ పొడవు. దాని మీద పోతున్నప్పుడు మీకు కుడివైపూ నీరే, ఎడమవైపూ నీరే. ఒకచోట ఆకుపచ్చ, ఒకచోట లేతనీలం, ఇంకొకచోట ముదురునీలం రంగుల్లో నీళ్ళు కనిపిస్తాయి. లేత రంగున్న చోట లోతు తక్కువ, కింద తెల్లని ఇసుక ఉన్నదని అర్థం.

ఈ రోడ్డుకు ముందు అక్కడ రైలు నడిచేది. హెన్రీ ఫ్లాగ్లర్ అనే ధనవంతుడు ఏళ్ళ తరబడి పాటుపడి, 1912లో చివరి దీవి అయిన కీవెస్ట్ దాకా రైలు నడిపించాడు. 1935లో భయంకరమైన తుఫాను వచ్చి ఆ దారిని మైళ్ళ కొద్దీ కొట్టుకుపోయింది. మళ్ళీ రైలు వెయ్యలేదు. మిగిలిన వంతెనల మీదనే 1938 నాటికి మోటారు రోడ్డు వేశారు. మనిషి ఎంత గట్టిగా కట్టినా సముద్రం ఒక్క రాత్రిలో పడగొట్టగలదు. అదే సముద్రపు అడుగున నాలుగంగుళాల చేప రోజూ తన ఇల్లు బాగుచేసుకుంటూనే ఉంటుంది.

కీవెస్ట్‌తో రోడ్డు అయిపోతుంది. మన ప్రయాణం ఇంకా అయిపోలేదు. అక్కడినుంచి పడమటికి సుమారు 70 మైళ్ళు సముద్రం మీద పోవాలి. పడవలో అయితే రెండు గంటల పైచిలుకు. నీటిమీద వాలే చిన్న విమానాలు కూడా ఉన్నాయి. అప్పుడు మీకు ఏడు చిన్న దీవులు కనిపిస్తాయి. వాటి పేరు డ్రై టోర్టుగాస్.

ఆ పేరుకు ఒక కథ ఉన్నది. 1513లో పోన్స్ ద లియోన్ అనే స్పెయిను నావికుడు అక్కడికి వచ్చి, నూటికి పైగా తాబేళ్ళను పట్టుకున్నాడు. స్పానిష్ భాషలో "టోర్టుగాస్" అంటే తాబేళ్ళు. మరి "డ్రై" అని ఎందుకన్నారు? చుట్టూ ఎంత నీరున్నా తాగటానికి చుక్క మంచినీరు దొరకదు. దారినపోయే నావికులకు ఆ సంగతి తెలియటానికి "ఎండు" అనే మాట చేర్చారు. ఈనాటికీ అక్కడికి పోయేవారు తాగే నీరు వెంట తీసుకుపోవలసిందే.

ఆ దీవులలో ఒకదాని మీద ఆరు మూలల ఇటుక కోట ఉన్నది. దాన్ని 1846లో మొదలుపెట్టి సుమారు ముప్ఫై ఏళ్ళు కట్టారు. కోటీ అరవై లక్షల ఇటుకలు పట్టాయి. అయినా అది పూర్తికాలేదు! కోట చుట్టూ కందకం, కందకం అవతల సముద్రం, సముద్రంలో పగడపు దిబ్బలు. ఈ ప్రాంతమంతా 1992 నుంచి జాతీయ వనం. అక్కడి గవ్వనుగాని, పగడపు ముక్కనుగాని ఇంటికి తెచ్చుకోకూడదు.

మన పసుపుతల దవడచేప శాస్త్రజ్ఞుల పుస్తకాలకెక్కింది ఈ టోర్టుగాస్ నుంచే. 1905లో జోర్డన్, థాంప్సన్ అనే ఇద్దరు ఈ దీవుల చేపలను గురించి రాస్తూ దీనికి పేరు పెట్టారు. ఆ పేరులో "ఆరిఫ్రాన్స్" అనే లాటిన్ మాటకు బంగారు నుదురు అని అర్థం.

ఇక నీటిలోకి దిగండి. పగడపు దిబ్బ పక్కన ఇసుకా, విరిగిన పగడపు ముక్కలూ కలిసిన నేల ఉంటుంది. మొదట మీకు ఏమీ కనిపించదు. కదలకుండా ఉండండి. కొంతసేపటికి ఇసుకలోనుంచి ఒక పసుపుపచ్చని తల పైకి వస్తుంది. రెండు పెద్ద కళ్ళు అటూ ఇటూ తిరుగుతాయి. భయం లేదని తోచగానే చేప పైకి వచ్చి, తోక కిందికి, తల పైకి పెట్టి, గాలిపటం ఒకేచోట నిలిచినట్టు నీటిలో నిలుస్తుంది. తల పసుపు, ఒళ్ళు ముత్యపు నీలం. నీటి వాలుకు కొట్టుకువచ్చే, కంటికి ఆనని చిన్న పురుగులను అది టక్కున అందుకుని మింగుతుంది. చూస్తూండగానే అక్కడొకటి, ఇక్కడొకటి, ఇంకా కొన్ని తలలు పైకి వస్తాయి. ఇదొక ఊరన్నమాట! ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఇల్లు.

మీ నీడ పడిందంటే చాలు, అన్నీ వెనక్కు వెనక్కు, తోక ముందుగా ఇళ్ళలోకి జారిపోతాయి. మనం మెట్లబావిలోకి వెనక్కు నడిచి దిగగలమా? వాటికి అది అలవాటు.

ఇల్లు ఎలా కడతాయో చూశారా? చేప నోటినిండా ఇసుక తీసుకుని, గుంట బయటికి వచ్చి, ఉఫ్‌మని ఊదేస్తుంది. మళ్ళీ లోపలికి పోతుంది. ఇలా వందలసార్లు తిరుగుతుంది. గుంట కొంత లోతు అయినాక పగడపు ముక్కలనూ, గవ్వలనూ ఒక్కొక్కటే నోట కరచుకు వచ్చి, గుంట అంచున గోడలాగా పేరుస్తుంది. మనం బావికి రాతి ఒర కట్టినట్టే ఇదీను. రాళ్ళు లేకపోతే ఇసుక కూలి గుంట పూడిపోతుంది. అడుగున తిరగటానికి వీలుగా చిన్న గది ఉంటుంది. సాయంకాలం చీకటి పడేవేళకు, ఒక రాయినో గవ్వనో ఎంచి లాక్కుని గుమ్మానికి అడ్డంగా పెట్టుకుంటుంది. తెల్లవారినాక తీస్తుంది.

మంచి రాయి కోసం ఇవి పోట్లాడుకుంటాయి కూడా. పక్కింటిది ఏమరుపాటున ఉంటే, దాని గోడలోని రాయిని మెల్లగా ఎత్తుకుపోయే గడుసువి ఉన్నాయి! అప్పుడు ఇంటిగలది నోరు బారెడు తెరిచి బెదిరిస్తుంది. ఆ నోరు చూస్తే ఇంత చిన్న తలకు అంత పెద్ద నోరా అనిపిస్తుంది.

ఆ పెద్ద నోటికి అన్నిటికన్న గొప్ప ఉపయోగం మరొకటి ఉన్నది. ఆడచేప గుడ్లు పెట్టగానే మగచేప ఆ ముద్దనంతా తన నోట్లోకి తీసుకుంటుంది. అప్పటినుంచి వారం, ఎనిమిది రోజులు ఆ గుడ్లకు కాపలా తండ్రిదే. గుడ్లకు మంచి నీరు తగలాలి గనక, మధ్యమధ్య ముద్దను నోటి బయటికి తోసి మళ్ళీ లోపలికి పీల్చుకుంటూ ఉంటుంది. నోటినిండా పిల్లలున్నవాడు ఏం తింటాడు? ఆ రోజుల్లో దానికి ఇంచుమించు ఉపవాసమే. చీకటిపడ్డాక గుడ్లు పగిలి పిల్లలు నీటిలో కలిసిపోతాయి.

ఇంత ముచ్చటైన చేపను చూసినవారికి, "ఇది మా ఇంట్లో ఉంటే!" అనిపించటం సహజం. మీకూ అనిపించే ఉంటుంది. సముద్రపు చేపలను అమ్మే దుకాణాలు మన పట్టణాలలో కూడా ఉన్నాయి. డబ్బు ఉంటే చేపను కొనవచ్చు. కాని దాని ఊరును కొనలేము. ఆ ఊరిని మన చేతులతో తయారు చెయ్యాలి. అదెట్లాగో విన్నాక, చేప కావాలో వద్దో మీరే నిర్ణయించండి.

అన్నిటికన్న ముందు కావలసింది నేల. మామూలు తొట్లలో అంగుళం, రెండంగుళాల ఇసుక వేస్తారు. దవడచేపకు అది చాలదు. ఆరంగుళాల లోతైనా ఉండాలి. అంతా సన్నని ఇసుకే అయితే గుంట నిలవదు. కాబట్టి సన్నని ఇసుకలో ముతక ఇసుకనూ, వేలిగోరంత పగడపు ముక్కలనూ, గవ్వ పెంకులనూ కలపాలి. మూడడుగుల పొడవూ, అడుగున్నర వెడల్పూ ఉన్న తొట్టిలో ఆరంగుళాల ఇసుక అంటే, ఆ ఇసుకే తొంభై, నూరు కిలోలు తూగుతుంది. నీరూ, రాళ్ళూ కలిస్తే రెండువందల కిలోలు దాటుతుంది. ఆ బరువు మోసే బల్ల ఉన్నదో లేదో నాన్నగారిని అడగండి.

తొట్టిలో అలంకారానికి పెద్ద రాళ్ళు పెడతారు గదా. వాటిని ఇసుక మీద పెట్టకూడదు. ముందు రాళ్ళను తొట్టి అడుగున కదలకుండా నిలిపి, తరవాత ఇసుక పొయ్యాలి. ఎందుకంటే, దవడచేప రాయి కిందనే గుంట తవ్వటానికి ఇష్టపడుతుంది. ఇసుక మీద పెట్టిన రాయి కింద అది తవ్వుకుంటూ పోతే, రాయి కూలి చేప దాని కింద నలిగిపోతుంది.

రెండవది నీరు. చేపల తొట్లకోసం తయారుచేసిన ఉప్పును శుభ్రమైన నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలుపుతారు. వంట ఉప్పు పనికిరాదు. సముద్రంలో ఉన్నది ఒక్క ఉప్పే కాదు గదా. ఇక్కడ ఒక లెక్క చెయ్యండి. నూరు లీటర్ల నీటిలో మూడున్నర కిలోల ఉప్పు ఉన్నది. ఎండలకు పది లీటర్లు ఆవిరి అయింది. ఇప్పుడు మీరు ఉప్పునీరు పొయ్యాలా, మంచినీరు పొయ్యాలా? ఆవిరిగా పోయేది నీరేగాని, ఉప్పు కాదు. ఆ మూడున్నర కిలోలూ తొంభై లీటర్లలోనే ఉన్నాయి. అంటే లీటరుకు దాదాపు 39 గ్రాములు! కనక ఆవిరైన మేరకు మంచినీరే పొయ్యాలి. మన వేసవిలో ఈ పని ప్రతిరోజూ చూసుకోవాలి.

నీరు పొయ్యగానే చేపను వెయ్యకూడదు. ఇది చాలామంది చేసే పొరపాటు. చేప మలమూత్రాల వల్ల నీటిలో అమ్మోనియా అనే విషం పుడుతుంది. సముద్రంలో అది కలిసిపోతుంది. తొట్టిలో పోయే దారి లేదు. దాన్ని తినే సూక్ష్మజీవులు ఇసుకలోనూ, రాళ్ళలోనూ పెరగాలి. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి, అదీ విషమే. ఇంకొక రకం దాన్ని నైట్రేటుగా మారుస్తాయి; అది అంత ప్రమాదం కాదు. ఈ రెండు రకాలూ తగినన్ని పెరగటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ వారాలన్నీ ఖాళీ తొట్టిని చూస్తూ కూచోవాలి! అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా అని పరీక్షలో తేలినాకనే చేపను తేవాలి. ఆ తరవాత కూడా వారానికో, రెండు వారాలకో పదోవంతు నీరు తీసి కొత్త ఉప్పునీరు పోస్తూండాలి.

మూడవది వేడి. పసుపుతల దవడచేపకు 24 నుంచి 26 డిగ్రీల సెంటిగ్రేడు వేడి సుఖం. మే నెలలో మన ఇళ్ళలో గది వేడి ఎంత ఉంటుందో మీకు తెలుసు. నీటిని చల్లబరిచే యంత్రం లేకుండా వేసవి గడవటం కష్టం. కరెంటు పోతే ఆ యంత్రమే కాక, నీటిని తిప్పే పంపు కూడా ఆగుతుంది, చేపకు ఊపిరాడదు. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి ఇంట్లో సిద్ధంగా ఉండాలి. కాలిఫోర్నియా సింధుశాఖలో నీలిచుక్కల దవడచేప అని ఒకటున్నది. దాని అందం చూసి చాలామంది ఆశపడతారు. కాని అది ఇంకా చల్లని నీటికి అలవాటుపడ్డది. దాని జోలికి పోకపోవటమే మేలు.

నాలుగవది మూత. దవడచేప బెదిరితే గుంటలోకి దూరుతుంది. గుంట లేకపోతే పైకి ఎగురుతుంది! కొత్త తొట్టిలో దానికి ఇంకా ఇల్లు లేదు. అందుచేత మొదటి రాత్రులే ప్రమాదం. తెల్లవారి లేచి, నేలమీద ఎండిపోయిన చేపను చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవారు ఎందరో ఉన్నారు. తొట్టి మొత్తాన్ని సన్నని వలతో మూసి, గొట్టాలు పోయే సందులు కూడా విడవకుండా కప్పాలి. ఇసుకలో ఒక చిన్న గొట్టం ముక్కను ఏటవాలుగా గుచ్చిపెడితే, సొంత ఇల్లు కట్టుకునేదాకా చేప దాన్ని విడిదిగా వాడుకుంటుంది.

ఇవన్నీ అమరినాక చేపను ఎంచటానికి దుకాణానికి పోండి. తొందరపడి కొనకండి. కళ్ళు తేటగా ఉన్నాయా? దవడకు దెబ్బలు ఉన్నాయా? మనిషికి చేతులు ఎంతో దానికి నోరు అంత. దవడ చెడితే అది తినలేదు, ఇల్లూ కట్టలేదు. ఆయాసపడుతూ ఊపిరి తీసే చేపను తీసుకోవద్దు. మీ ఎదుట మేత వెయ్యమనండి, తింటేనే కొనండి. ఆ తరవాత ముఖ్యమైన ప్రశ్న అడగండి: "ఇది ఎక్కడిది? ఎలా పట్టారు?" తొట్లలోనే పుట్టి పెరిగిన దవడచేపలు అరుదుగా దొరుకుతాయి, దొరికితే అవే మంచివి. ఫ్లారిడాలో పట్టేవారు లైసెన్సు తీసుకుని, మునిగి వలలతో పడతారు. కాని ప్రపంచంలో కొన్ని చోట్ల పగడపు దిబ్బల మీద సైనైడు విషం చల్లి చేపలను మగతపరచి పట్టటం కద్దు. ఆ విషానికి పగడాలూ చస్తాయి, పట్టిన చేపలూ ఎక్కువకాలం బతకవు. దుకాణంవాడు జవాబు చెప్పలేకపోతే ఉత్త చేతులతో తిరిగి రండి. అందులో సిగ్గేమీ లేదు.

ఇంటికి వచ్చిన చేపకు చిన్న చిన్న రొయ్యపిల్లల మేత రోజుకు రెండుసార్లు పెట్టండి. అది గుంటను విడిచి దూరం పోదు. కాబట్టి మేతే దాని గుమ్మం ముందుకు పోవాలి. తొట్టిలో దుడుకు చేపలుంటే మేతంతా అవే తినేస్తాయి. ఇది బయటికి రాక మాడిపోతుంది. సాధువులైన చిన్న చేపలతోనే దీనికి పొత్తు.

చివరి మాట ఒకటున్నది. పెంచి పెంచి విసుగుపుట్టినా, ఊరు మారవలసి వచ్చినా, తొట్టిలోని చేపను ఎన్నడూ సముద్రంలో వదలకండి. "పాపం, దాని ఇంటికి పంపాం" అనుకుంటాం. కాని అది దాని ఇల్లు కాదు. మన హిందూ మహాసముద్రంలోనూ, పసిఫిక్‌లోనూ ఉండే సింహచేప 1985లో ఫ్లారిడా తీరాన మొదటిసారి కనిపించింది. తొట్లలో పెంచినవారు వదిలినవే అక్కడ పెరిగాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. ఒంటినిండా విషపు ముళ్ళు గల ఆ చేపను అక్కడ తినేవి చాలా తక్కువ. అది కరీబియన్ సముద్రమంతా పాకి, పగడపు దిబ్బల చిన్న చేపలను మింగుతున్నది. చేప ఎక్కువైతే, పెంచగల మరొకరికి ఇవ్వాలి.

ఆ దిబ్బలకు కష్టాలు ఇదొక్కటే కాదు. 2023 జూలైలో ఫ్లారిడా దక్షిణపు కొసన, మానటీ అనే లోతు తక్కువ అఖాతంలో, నీటి వేడి 38 డిగ్రీలు దాటింది. ఆ వేసవిలో కీస్ చుట్టూ పగడాలు తెల్లగా పాలిపోయి ఎన్నో చచ్చిపోయాయి. సముద్రమంత పెద్ద తొట్టిలోనే నీరు వేడెక్కితే ఇంత నష్టం జరిగింది. ఇక మూడడుగుల తొట్టిని ఒక్కరోజు మరిచిపోతే ఏమవుతుందో మీరే ఊహించండి.

ఇప్పుడు చెప్పండి, మీకు దవడచేప కావాలా? "కావాలి, రోజూ చూసుకుంటాను" అనేవారు ముందు ఆరు వారాలు ఖాళీ తొట్టిని చూసుకోండి. ఆ ఓపిక ఉన్నవారికి ఒక సాయంకాలం మంచి బహుమానం దొరుకుతుంది. దీపం తగ్గించే వేళకు చేప ఒకసారి బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, తను ఎంచుకున్న రాయిని నోట కరచి, మెల్లగా గుమ్మం మీదికి లాక్కుంటుంది. ఆనాడు అది మీ తొట్టిని తన ఊరిగా ఒప్పుకున్నదన్నమాట.

"అంత పని నావల్ల కాదు" అనేవారు కూడా విచారించవద్దు. టోర్టుగాస్ నీళ్ళ అడుగున ఎన్నో దవడచేపలు ఈ సాయంకాలం కూడా తలుపులు మూసుకుంటున్నాయి. వాటిని అక్కడే ఉండనివ్వటం కూడా వాటిని ప్రేమించటమే.